అరగని తాపీ

వేలూరులో సగం మేడలు నేను కట్టినవే. సరే, సగం కాదు, ఒక గోడ.

ఆలంగాయం దగ్గర మా ఊళ్లో రెండు వర్గాలు కొట్టుకుని ఇళ్లు తగలబెట్టుకున్నప్పుడు, నేనూ నా భార్యా కట్టుబట్టలతో గుడియాత్తం వచ్చేశాం. నా పాత తాపీ ఇంటితోపాటే పోయింది. ఊళ్లో నేను మేస్త్రీనని అందరికీ తెలుసు. ఇక్కడ కూలీలు నిలబడే కూడలిలో నన్ను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. తెలియని మనిషి వస్తే, అతని తాపీ ఎంత అరిగిందో చూసి గోడ పనికి పిలుస్తారు. నేను కొత్తది పట్టుకుని నిలబడితే పక్కనున్న ముసలి కూలీ నవ్వాడు.

"ఏమప్పా, నీ తాపీకి ఇంకా పేరు పెట్టలేదా?"

ఆ రోజు నుంచి సిమెంటు గంప మోశాను. మధ్యాహ్నం అందరూ గుంపుగా కూర్చుని తింటుంటే, ఇంకొకరు కట్టిన గోడకు ఆనుకుని నేనొక్కణ్ణే తినేవాణ్ణి.

చివరికి ఆ తాపీని బండకేసి రుద్ది రుద్ది అరగదీశాను. దాన్ని చూసే వేలూరులో నాకు గోడ అప్పజెప్పారని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే నా భార్య ఊడవడం ఆపింది.

"నీ తాపీని ఎవరు చూసినారు? వాళ్ల మేస్త్రీ జొరమొచ్చి రాలా, దానికి నిన్ను నిలబెట్టినారు. మర్నాడు మళ్లా గంపే ఎత్తినావు. అది గూడా రాయి."