గేటు దాకా వచ్చిన కూతురు

మా వదిన ఫ్రేహాకి కాలు నిలవదు. పెళ్లయి మా ఇంట అడుగుపెట్టిన రోజే కొత్తబట్టల్తో అంట్లు తోమబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని లాగాల్సొచ్చింది. ఇజ్రాయెల్లో మా ఊరు దిమోనాలోని బట్టలమిల్లులో పనిచేసి రిటైరైంది, అయినా ఆవిడ ఒకచోట కూర్చోగా చూసినవాళ్లు లేరు. అలాంటి మనిషికి సెఫ్రూలో షబ్బాత్, అంటే మా యూదుల విశ్రాంతి దినం, తగిలింది.

పుట్టిన ఊళ్లు చూసుకుందామని మొరాకో వెళ్లాం, బస్సు నిండా ముసలాళ్లం. శుక్రవారం మధ్యాహ్నానికి సెఫ్రూ చేరాల్సిన బస్సు దారిలో చెడి, సరిగ్గా షబ్బాత్ మొదలై దీపాలు వెలిగించే సాయంత్రం వేళకు చేరింది. వదిన వాళ్లమ్మ సమాధి ఆ ఊళ్లోనే, హోటల్ వెనక సందు చివర. చిన్నప్పుడు తల్లిని అక్కడ పెట్టి దేశం దాటింది, మళ్లీ రాలేదు. షబ్బాత్ నాడు మేం సమాధుల దగ్గరికి పోం. ఆ రోజు పోయినవాళ్లకూ విశ్రాంతే. చీకటి పడ్డాక కూడా పోం. శనివారం చుక్కలు పొడవగానే బస్సెక్కాలి, విమానం ఆ రాత్రికే.

"ఒక్కరోజు కుదురుగా కూర్చో వదినా," అన్నాను.

"నువ్వు కూర్చో. మీ అమ్మ పక్కసందులో లేదుగా."

మర్నాడు మధ్యాహ్నం, రాత్రంతా గుడ్లూ మాంసంతో ఉడికిన సఖీనా కూర వడ్డిస్తే, గుడ్డు ఒలిచి పళ్లెంలో వదిలేసింది. అందరూ గుర్రుపెడుతుంటే కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగి నా ప్రాణం తోడేసింది.

"సరే పద, సమాధుల గేటు దాకా. లోపలికి మాత్రం పోనివ్వను," అన్నాను.

అక్కడ కాపలా ముసలమ్మ బతూల్ తాళంచెవి తీసింది. "రా తల్లీ. ఎవరి కూతురివి?"

"టోపీలు కుట్టే మఖ్లూఫ్ భార్య ఇస్తేర్ కూతుర్ని. గేటు తీయకు, ఇవాళ రాకూడదు."

"రేపు రా మరి."

"రేపు ఉండం." వదిన కమ్మీలు పట్టుకుని నిలబడింది. ఆ దిక్కుమాలిన బస్సును తగలబెట్టాలనిపించింది నాకు.

"ఇస్తేర్ అంటే గోడవార సమాధి. సున్నం కొట్టేది నేనేగా," అంది బతూల్. "నాకు మీ షబ్బాత్ లేదు, ఉండు." తనే లోపలికెళ్లి, ఒక తెల్లటి సమాధి మీదికి వంగి ఏదో చెప్పి వచ్చింది.

"చెప్పాను. నీ కూతురొచ్చింది, పండగని గేటు దగ్గరే ఆగిపోయిందని."

"అమ్మేమంది?" వదిన గొంతు చిన్నపిల్ల గొంతైపోయింది.

"అన్నం తిన్నావా అని అడగమంది."

"తినలేదని మాత్రం చెప్పకు."

వదిన గేటు పక్కన అరుగు మీద కూర్చుంది. చుక్కలు పొడిచి, సందు మొదట్లో మా బస్సు హారన్ కొట్టేదాకా లేవలేదు.