వెలగని రంధ్రం

ల్యాబులో అందరూ ఆవిడను పెద్దక్క అంటారు. తొలినాటి గెలాక్సీల వెలుగును విడగొట్టి, అవి ఎంత దూరంలో ఉన్నాయో తేల్చే పరికరం అక్కడ తయారవుతోంది. ఆ వెలుగును మోసే గాజు తీగలు వెంట్రుకంత సన్నం. వాటిని ఇత్తడి పలక రంధ్రాల్లో అతికించడం పదకొండేళ్లుగా పెద్దక్క పని. టోపీ కింద నుంచి ఎవరి జుట్టయినా తొంగిచూసిందా, ఆ పూటకి వాళ్ల పని అయిపోయినట్టే.

పరికరం మధ్యాహ్నం లారీ ఎక్కాలి. చివరి పరీక్షలో వెయ్యి రంధ్రాల్లో ఒక్కటి మాత్రం వెలగలేదు.

"ఎవరు చేశారిది? నోళ్లు పెగలవేం?" పెద్దక్క ఉరిమింది.

ఇంజనీరు మైక్రోస్కోపులో చూశాడు. "అక్కా, ఇందులో అతికించింది గాజు తీగని కాదు. వెంట్రుకని."

"చెబితే వింటేగా! ఎవరిదది?"

అతను తల ఎత్తలేదు. "తెల్లగా ఉందక్కా."

గదిలో మిగతా ఆరుగురూ ముప్ఫై దాటనివాళ్లే. పెద్దక్క చెయ్యి మెల్లగా తన టోపీ మీదికి వెళ్లింది. తర్వాత పట్టుకారు అందుకుని, జిగురు కరిగించి, వెంట్రుకను తనే బయటికి లాగింది.

"ఈ పని మొదలుపెట్టినప్పుడైతే నల్లగా ఉండేదిరా," అంది. "అతికించేటప్పుడే దొరికిపోయేది."