వెల్లకిలా పడుకోలేకపోయిన రోజు

ఆఫీసు లిఫ్టు పనిచేయని రోజు రెండంతస్తులు ఎక్కలేక మెట్ల మీదే కూర్చుండిపోయాను. నాకు నలభై ఆరేళ్లు. గ్యాసేమోలే అనుకున్నాను. మనకు ఏమొచ్చినా గ్యాసే కదా! వారం తిరక్కుండా చెప్పులు పట్టనంతగా పాదాలు వాచాయి.

ఎకో చూసిన డాక్టరు గారు, "హార్ట్ ఫెయిల్యూర్ అండి. గుండె ఆగిపోవడం కాదు, పంపింగ్ తగ్గింది. ఈఎఫ్, అంటే గుండె ఒక్కో దెబ్బకు బయటికి నెట్టే రక్తం, ఇరవై ఐదు శాతమే ఉంది. యాభై పైన ఉండాలి," అన్నారు. నెలల తరబడి మందులు వాడినా అది పెరగలేదు. పేస్‌మేకర్ లాంటి డివైస్ పెట్టాలన్నారు. "ముందు ఒంట్లో నీరు తగ్గాలి. ప్రొసీజర్‌లో రెండు మూడు గంటలు వెల్లకిలా పడుకోవాలి."

ఉప్పు తగ్గించాను. కడపదాన్ని, ఊరగాయ లేకుండా ముద్ద దిగదు, అయినా మానేశాను. ఎటొచ్చీ ఒంట్లో నీరు తీసే మాత్ర దగ్గరే తప్పు చేశాను. పొద్దున అది వేసుకుంటే మధ్యాహ్నం దాకా బాత్రూమ్ చుట్టూ తిరగడమే. క్లయింట్ కాల్‌లో మాట్లాడేది నేను. మధ్యలో ఎన్నిసార్లని లేస్తాను? ఆఫీసులో జబ్బు సంగతి చెప్పలేదు. కాల్ ఉన్న రోజుల్లో మాత్ర మానేసేదాన్ని.

విడాకుల తర్వాత ఖాజాగూడలో ఒక్కదాన్నే ఉంటున్నాను. అడ్మిషన్‌కి అటెండెంట్ ఉండాలన్నారు. ఫోన్‌లో పేర్లన్నీ కిందికి పైకి జరిపాను, ఒక్కరినీ అడగలేకపోయాను. చివరికి వంట చేసే కిష్టమ్మను అడిగాను.

"ఏందక్కా, నీకెవ్వరు లేరా?"

"ఉన్నారు, దూరంగా," అన్నాను. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది.

ప్రొసీజర్ రోజు నర్సు నన్ను వెల్లకిలా పడుకోబెట్టింది. రెండు నిమిషాలకే ఊపిరాడక, దగ్గుతూ లేచి కూర్చున్నాను. డాక్టరు గారు ఛాతీ మీద స్టెత్ పెట్టి, "లంగ్స్‌లో నీరుంది. ఇలా చేస్తే ప్రాణానికే ప్రమాదం. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అన్నారు.

"వేసుకుంటున్నాను సర్."

"అబద్దం సారూ," అంది కిష్టమ్మ. "మీటింగ్ ఉన్నరోజు గోలి ఏస్కోదు. నేను రోజూ చూస్తనే ఉన్న."

తల కొట్టేసినట్టయింది. కోపమూ వచ్చింది. ఆ వెనకే, నన్నొకరు రోజూ చూస్తున్నారా అని గుండె కలుక్కుమంది.

"ఆ ఇబ్బంది ముందే చెబితే మాత్ర వేళ మార్చేవాణ్ణి కదమ్మా!" అన్నారు డాక్టరు గారు. ప్రొసీజర్ వాయిదా వేసి, ఐవీ ఇంజెక్షన్లతో నీరు తీశారు. ఐదో రోజు డివైస్ పెట్టారు.

"గుస్స కాకక్కా," అంది వార్డులో కిష్టమ్మ. "నువ్వు పోతే నేనెవలికి వండాలె?"

ఇప్పుడు మెట్లు మెల్లగా ఎక్కుతున్నాను. ఒంట్లో మళ్లీ నీరు చేరుతోందేమోనని రోజూ పొద్దున్నే బరువు చూసుకుంటాను. కిష్టమ్మ వాళ్లు దూరంగా బాచుపల్లికి మారిపోయారు, ఇక వంటకు రావడం లేదు. ఇంట్లో మళ్లీ నేనొక్కదాన్నే.

తోటి పేషెంట్లకు ఒక్క మాట. మాత్ర మానేసిన రోజుల్ని కాగితం మీద రాసి, అడగకముందే డాక్టరు ముందు పెట్టండి. నేను అదే చేస్తున్నాను. నా అబద్ధాన్ని పట్టుకునే మనిషి ఇప్పుడు లేదు.