మూడో అంతస్తు సాక్షి

రెమీ కస్తేన్ చెడ్డవాడేం కాడు. సెన్-దెనీ పేటలో ఎవర్నడిగినా అదే చెప్తారు. పగలు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేవాడు. సాయంత్రాలు జాక్ మొర్వాన్ అనే మారుపేరుతో నేర నవలలు రాసేవాడు. మంత్రుల్నీ, పోలీసుల్నీ, కూలిపోయే ఇళ్లు పేదోళ్లకి అంటగట్టే కాంట్రాక్టర్లనీ కాగితం మీద చీల్చి చెండాడేవాడు. కాగితం మీద ఎవడైనా పులే కదా!

ఆ ఏడాది అతనుండే మేడలోనే ఎదురు వాటా హూరియమ్మ కొడుకు నదీర్‌ని పోలీసులు మూడో అంతస్తు మెట్ల మీద తన్ని చంపారు. కుర్రాడు జారిపడ్డాడని రిపోర్టు రాసుకున్నారు. రెమీ తలుపుకున్న కంతలోంచి అంతా చూశాడు. విచారణకొచ్చినవాళ్లు అడిగితే మాత్రం, "రేడియో మోగుతోందండీ, నాకేం వినపడలేదు" అన్నాడు. సర్కారు ఉద్యోగం మరి! హూరియమ్మదేమో శుక్రవారం వస్తే కుస్‌కుస్ వండి అతనికో గిన్నె పంపే ఇల్లు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అనుకుని, పేర్లు మార్చి నవల రాశాడు. పత్రికలు ఆహా ఏం ధైర్యం అన్నాయి.

మునిసిపల్ హాల్లో పుస్తకాల పండగ పెట్టారు. రెమీ బల్ల వెనక కూర్చుని, కొన్నవాళ్ల పేరడిగి, పుస్తకంలో ఓ మంచిమాట రాసి సంతకం పెడుతున్నాడు. వరసలో హూరియమ్మ వచ్చి నిలబడింది.

"నాకు అక్షరం ముక్క రాదుగా, మా అమ్మాయి చదివి వినిపించింది. ఊడిన బూటుని పోలీసే మళ్లీ తొడిగాడని రాశావు చూడు, అక్కడ ఆపమన్నాను. వాణ్ణి ఇంటికి తెచ్చినప్పుడు చూశాను, ఆ లేసు ముడి మావాడు వేసేది కాదని నాకొక్కదానికే తెలుసు. నీకెలా తెలిసింది బాబూ?"

"అది... ఊరికే కల్పనమ్మా."

"నన్ను మభ్యపెట్టకు. సాక్షి లేడని రేపు కేసు మూసేస్తున్నారు. ఈ పుస్తకంలోనే జడ్జిగారి పేరున రాయి. కళ్లారా చూశానని రాసి, కింద నీ అసలు పేరు పెట్టు."

"త్వరగా కానివ్వమ్మా, మేమూ నిలబడే ఉన్నాం!" అని వెనక ఒకాయన విసుక్కున్నాడు.

రెమీకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా చెయ్యి దాని అలవాటుకొద్దీ కదిలింది. 'హూరియమ్మకి, స్నేహంతో, జాక్ మొర్వాన్.'

ఆమె పుస్తకాన్ని గుండెకి హత్తుకుంది. కళ్లనిండా నీళ్లు.

"చల్లగా ఉండు నాయనా. పొద్దున్నే తీసుకెళ్లి జడ్జిగారి బల్ల మీద పెడతాను. నా కొడుక్కి నువ్వొక్కడివైనా ఉన్నావు."

ఆమె గుమ్మం దాకా వెళ్లేవరకూ రెమీ చూస్తూనే ఉన్నాడు. పిలవడానికి నోరు తెరిచాడు.

"మీ పేరు?" అని తరువాతి మనిషిని అడిగాడు.