ఓడిపోయే ఉద్యోగం

ఆ రోజుల్లో అశోక్‌నగర్ హాస్టళ్ళలో మాకు అన్నింటికీ కరువే, ఒక్క అసూయకు తప్ప. ఎవడికైనా ఉద్యోగం వచ్చిందంటే వరసగా వెళ్ళి చేయి కలిపి, వాడు పెట్టిన మిఠాయి తిని, గదికొచ్చి ముసుగుతన్ని పడుకునేవాళ్ళం. ఆ విద్యలో నేను అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివాను. (గ్రూప్స్ పుస్తకాలు కూడా అంతే శ్రద్ధగా చదివి ఉంటే బాగుండేది.) డిప్యూటీ కలెక్టరైనవాణ్ణి చూసి కుళ్ళుకున్నా ఒక అందం ఉంటుంది. నేను కుళ్ళుకున్నది మాత్రం ఒక హోటల్లో క్యారమ్స్ ఆడే ఉద్యోగం వచ్చినవాణ్ణి చూసి.

వాడు నా రూమ్మేటే. పరీక్ష పోయినా, పప్పులో ఉప్పు లేకపోయినా "ఏం గాదు తియ్ అన్న" అంటాడు కాబట్టి హాస్టలంతా వాణ్ణి ఏంగాదన్న అని పిలిచేది. నారాయణగూడలో ఒక హోటల్ వాళ్ళు పై అంతస్తులో ఆటల హాలు పెట్టారు. గదుల్లో దిగినవాళ్ళూ, ఆదివారం భోజనాలకొచ్చిన కుటుంబాలూ తిన్నది అరిగేదాకా అక్కడ క్యారమ్స్, చెస్, టేబుల్ టెన్నిస్ ఆడుకోవచ్చు. జోడీ దొరకని వాళ్ళతో ఆడటానికి ఒక మనిషి కావలసి వచ్చి మావాణ్ణి పెట్టుకున్నారు. చల్లటి ఏసీ, నీలం టీషర్టు, మధ్యాహ్నం హోటల్ భోజనం. నేనేమో చిక్కడపల్లి లైబ్రరీలో, తిరగనా మాననా అని ఆలోచించుకునే ఫ్యాను కింద రాజ్యాంగం ముందేసుకుని, వాడు ఈపాటికి ఏం తింటున్నాడో ఊహించుకుంటూ ఉడికిపోయేవాణ్ణి.

అసలు మంట అది కూడా కాదు. వాడు రోజూ సాయంత్రం హాస్టల్ వరండాలో క్యారమ్స్‌లో నా చేతిలో ఓడిపోయేవాడు! ప్రిలిమ్స్ పోయాక లోకంలో నేను గెలిచే చోటంటూ మిగిలింది ఆ బోర్డొక్కటే. అలాంటిది, ఓడేవాడికి జీతమూ గెలిచేవాడికి లైబ్రరీనా? దేవుడికి ఆ మాత్రం న్యాయం తెలియదా అని చాలాసార్లు అడిగాను.

దేవుడు విన్నట్టే ఉంది. ఒక ఆదివారం వాడు అక్కకూతురి పెళ్ళికి ఊరెళ్ళాల్సి వచ్చింది. బదులు మనిషిని పెట్టి వెళ్ళమని మేనేజర్ మేడం అన్నదట. నేను ఎగిరి గంతేశాను. మేడం నా ఆట ఒక్కసారి చూసిందంటే ఆ నీలం టీషర్టు ఇక నాదేనని లోపల లెక్క. (స్నేహితుడి ఉద్యోగానికి ఎసరు పెడుతున్నానన్న బాధ ఏమైనా కలిగిందా అంటే, నిజంగా కలగలేదు.)

వెళ్ళేముందు వాడు నసిగాడు. "అన్న, జర చూసుకొని ఆడు. గెస్ట్ ఖుష్ గావాలె, గంతే."

"నాకు నేర్పుతున్నవా?" అన్నాను.

"ఏం గాదు తియ్" అని వాడు బస్సెక్కాడు.

ఆ మధ్యాహ్నం మొదట వచ్చింది చిక్కడపల్లిలో ఎప్పుడో స్థిరపడిన ఒక కోస్తా పెద్దాయన. భార్యతో ప్రతి ఆదివారం వస్తారట. "ఏమోయ్, మన కుర్రాడేడీ? పోయిన వారం చిత్తు చిత్తుగా ఓడించాను వాణ్ణి" అన్నారు మీసం దువ్వుతూ. వాణ్ణి ఓడించడం కూడా ఒక గొప్పేనా అనుకుని స్ట్రైకర్ పట్టాను. మొదటి ఆటలో రెడ్ కాయినూ నాదే, దాని వెంట వేయాల్సిన ఫాలో కూడా నాదే. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రెండో ఆటలో ఆయనకు సరిగ్గా చేయి ఆనించే అవకాశం కూడా ఇవ్వలేదు. "ఇవాళ మీకు నిద్ర చాల్లేదేమో లెండి" అంది ఆయన భార్య నెమ్మదిగా. ఆయన తెప్పించుకున్న టీ అలాగే వదిలేసి లేచి వెళ్ళిపోయారు. నేను మేడం చూసిందా లేదా అని అటు తిరిగాను.

చూసింది. "ఏం బాబు, ఏం జేస్తున్నవ్?"

"గెలిచిన మేడం."

"ఓడిపోవాలంటే ఇంట్లనే ఓడిపోతరు కదా, పైసలిచ్చి ఇక్కడిదాంక ఎందుకొస్తరు? మీ దోస్తు నీకేం చెప్పలేదా? ఆఖరి కాయిన్ దాంక తెచ్చి ఓడిపోతడు వాడు. కష్టపడి గెలిచినం అనుకుంటరు గెస్టులు. జిల్లాకు ఆడిన పోరడు, వాడు గెలవాలనుకుంటే ఎవరన్న నిలుస్తరా ఇక్కడ?"

జిల్లాకు ఆడాడా! ఆ మాట నాతో ఒక్కనాడూ అనలేదు వాడు. సరే, ఓడిపోవడమేగా, అదెంత పని అనుకుని తర్వాత వచ్చిన ఒకావిడ చేతిలో ఓడిపోవడానికి కూర్చున్నాను. కన్నం అంచున ఉన్న కాయిన్‌ని వదిలేసి స్ట్రైకర్‌ని బోర్డు అంచుకు కొట్టాను. ఇంకోసారి స్ట్రైకర్‌నే కన్నంలో వేశాను. ఆవిడ చేయి ఆపేసి నా మొహంలోకి చూసింది. "కావాలని ఓడిపోతున్నారు కదా మీరు? నేనేమన్నా చిన్నపిల్లనా?" అని లేచి పోయింది. అన్నేళ్ళ పరీక్షల అనుభవం ఉండి కూడా ఓడిపోవడం చేతకాని మనిషిని నేనే అయి ఉంటాను. సాయంత్రం టీషర్టు మడతపెట్టి మేడంకు ఇచ్చేస్తే, మళ్ళీ రమ్మని మాటవరసకైనా అనలేదు.

నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా నడిచి వస్తుంటే అప్పుడు తట్టింది. వరండాలో నేను గెలిచిన ఆటలన్నీ ఆఖరి కాయిన్ మీదే గెలిచాను. ప్రతిసారీ వాడి కాయిన్ కన్నం దాకా వచ్చి, అంచున ఆగిపోయేది. "అరె, జరల పోయిందన్నా" అని తల పట్టుకునేవాడు. నేను కాలర్ ఎగరేసుకుని మెస్‌కు పోయేవాణ్ణి.

మర్నాడు వాడు పెళ్ళి లడ్డూలతో దిగీ దిగగానే నిలదీశాను. "నిజం చెప్పు. నాతోని కూడ కావాలనే ఓడిపోతున్నవా?"

వాడు సంచీ కింద పెట్టి ఒక లడ్డూ తీసి నా చేతిలో పెట్టాడు. "రిజల్ట్ వచ్చినంక నువ్వు సరిగ తింటలేవన్న. గెలిచిన దినం మంచిగ తింటున్నవ్."

కోపం రావాలి కదా. వచ్చింది. కానీ దానికన్నా ముందు అసూయే వచ్చింది. ఇంత మంచితనం కూడా వాడి దగ్గరే ఉండాలా?

"ఇప్పుడు ఆడు. నిజంగ ఆడాలె. నా మీద ఒట్టు" అన్నాను. "ఏం గాదు తియ్, పా" అంటూ బోర్డు దింపాడు. పౌడర్ చల్లి, చెమటలు కక్కుతూ ఆడాను. వాడు కూడా ఎప్పుడూ లేనంత దీక్షగా, పెదవి కొరుక్కుంటూ ఆడాడు. ఆఖరి కాయిన్ మీద నేనే గెలిచాను. "అరె, జరల పోయిందన్నా" అన్నాడు వాడు. వాడి మొహంలోకి ఎంత చూసినా ఏమీ తెలియలేదు.

తర్వాత నాకూ లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వాడు ఇప్పుడు పెద్ద హోటల్లో ఆటపాటల విభాగమంతా చూసుకుంటున్నాడు. కలిసినప్పుడల్లా ఒక ఆట వేస్తాం, ఎప్పుడూ నేనే గెలుస్తాను. వాడంటే నాకు ఇప్పటికీ కుళ్ళే, దాచుకోవడం దేనికి? కానీ తెలిసి తెలిసీ, ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూనే వెళ్తాను.