రొయ్యలు ఎండబెట్టే పల్లెలో మా అక్క

ఈ బరువు నాతో చాలా ఏళ్లుగా ఉంది. నా భార్యకు తెలియదు. పిల్లలకు తెలియదు. తోటలో రాములవారి గుడి ముందు చేతులు జోడించినప్పుడు కూడా దీన్ని దాటేసి, మిగతావే చెప్పుకుని వచ్చేవాణ్ణి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మేముండేది మలాయాలో, బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరితోటలో. నాన్న కాయలు వలిచేవాడు. అమ్మ కొబ్బరి ఎండబెట్టేది. ఆమె పనిలోకి వెళితే నన్ను చంకనేసుకుని పెంచింది అక్క. ఆ అక్కను కంగాణీ, అంటే మా కూలీల మేస్త్రీ, తమ్ముడికి, పెళ్లాం పోయినవాడికి, ఇస్తానని నాన్న మాటిచ్చాడు. కొద్దిరోజులకే ఒక ఉదయం లేచి చూస్తే అక్క లేదు. నదిలో పడిందన్నారు. మొసలి లాక్కుపోయిందన్నారు. నాన్న ఒకసారి ఏడ్చి ఊరుకున్నాడు. అమ్మ ఊరుకోలేదు. రేవుకు కొత్త పడవ వచ్చిందంటే చాలు, వెళ్లి అడిగేది, ఇలాంటి పిల్లను ఎక్కడైనా చూశారా అని.

తర్వాత తోట దొర నన్ను పట్నంలో ఇంగ్లీషు బడిలో వేయించాడు. అక్కడే ఉండి చదువుకునేవాణ్ణి. నా పక్కన కూర్చునేవాళ్లు గుమస్తాల పిల్లలు, దుకాణాలవాళ్ల పిల్లలు. మా నాన్న తోట ఆఫీసులో గుమస్తా అని చెప్పాను. ఎవరూ అడగకముందే చెప్పాను.

ఒక రోజు మాస్టరుగారు మా తరగతినంతా స్టీమరు పడవలో సముద్రం ఒడ్డునున్న చేపల పల్లెలు చూపించడానికి తీసుకెళ్లారు. బురదలో గుంజలు పాతి, వాటి మీద ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య పలకల దారి. మొదటి పల్లెలో వలలు అల్లడం చూశాం. రెండోదానిలో మధ్యాహ్నం అన్నం తిన్నాం. అందరూ పాటలు పాడుతున్నారు. నేనూ పాడాను. ఆ గుంపులో నేనూ ఒకణ్ణి అనిపించిన రోజు అదొక్కటే. నేను చేసినదానికి అది సాకవుతుందా? కాదు. అయినా చెబుతున్నాను.

మూడో పల్లె చీనావాళ్లది. చాపల మీద రొయ్యలు ఎండుతున్నాయి. వాటిని చీపురుతో తిరగేస్తున్న ఆడమనిషి మా వైపు చూసి అది వదిలేసింది. నల్ల లాగు, వెదురు టోపీ, వీపున గుడ్డలో కట్టుకున్న పసిబిడ్డ. పలకలు దడదడలాడేలా పరిగెత్తుకొచ్చింది.

"ఒరే తమ్మీ! నువ్వేట్రా ఇక్కడ? ఎంత ఎదిగిపోనావురా!"

ఆమె చేతులకు రొయ్యల పొట్టు అంటుకుని ఉంది. ఆ చేతులు నా తెల్ల చొక్కా దాకా వచ్చాయి. నేను వెనక్కి జరిగాను.

పక్కనున్న సెల్వం, రైల్వే గుమస్తా కొడుకు, అరవంలో అడిగాడు, "ఎవర్రా? మీవాళ్లా?"

"తాక్ కెనాల్" అన్నాను. నాకు తెలియదు అని, మలాయిలో. అక్కడున్న ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే భాషలో.

అక్క నా మొహంలోకి చూసింది. నా చొక్కా చూసింది, నా చుట్టూ ఉన్న పిల్లల్ని చూసింది. ఎంతసేపో కాదు. తర్వాత మాస్టరుగారి వైపు తిరిగి మలాయిలోనే, "తప్పయింది తువాన్, మావాడెవరో అనుకున్నాను" అంది. అని నవ్వింది. ఆమె కోప్పడినా, జుట్టు పట్టుకుని రెండు తగిలించినా నేను ఈపాటికి మర్చిపోయేవాణ్ణేమో. నన్ను కాపాడటానికి అబద్ధమాడింది.

పడవ ఎక్కేటప్పుడు పిల్లలందరికీ తలా పిడికెడు ఎండు రొయ్యలు పెట్టింది. నా దోసిట్లో పోస్తూ, తలెత్తకుండా, మెల్లగా అడిగింది.

"అమ్మ బాగున్నాదా?"

నేను దోసిట్లోని రొయ్యల వైపే చూశాను.

"నాను బతికే ఉన్నానని సెప్పు. కడుపునిండా తింతన్నానని సెప్పు. అంతేరా."

అప్పటికీ మాట్లాడలేదు. బాగుంది అనే ఒక్క మాట. ఎవరూ వినేవారు కారు, ఇంజను మోగుతోంది. మరి ఎందుకు అనలేదు? ఆ మాట అంటే ఆమె నాకు తెలిసినట్టే కదా అని, అంత చిన్న లెక్క వేసుకున్నాను.

సెలవులకు ఇంటికి వెళ్లాను. "బడోళ్లతోటి ఎల్లి ఏటి సూసినావురా?" అని అడిగింది అమ్మ. "సేపలు" అన్నాను. అక్క బతికుందని చెబితే, నువ్వేమన్నావు అని అడుగుతుంది. రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు రానే లేదు.

ఇక్కడికి వచ్చి కలం ఆగిపోతోంది. కానీ రాయాలి. అమ్మకు మలాయి సరిగా రాదు. ఆ సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని రేవుకు వెళ్లింది. ఆమె తెలుగులో అడిగేది, నేను పడవవాళ్లకు మలాయిలో చెప్పేవాణ్ణి. ఇలాంటి పిల్ల, ఎడమ చెంప మీద మచ్చ, ఎక్కడైనా చూశారా? వాళ్లు లేదనేవారు. నేను అమ్మవైపు తిరిగి, లేదంటన్నారు అనేవాణ్ణి. నా నోటితో. ఆ సెలవుల్లోనే కాదు, తర్వాతా.

జ్వరంతో అమ్మ పోయింది. పోయేదాకా ఆమెకు తెలియదు.

ఆ తర్వాత, ఉద్యోగం వచ్చాక, ఒంటరిగా ఆ పల్లెకు వెళ్లాను. అక్క ఉన్న ఇంట్లో వేరేవాళ్లున్నారు. అక్కను చేసుకున్న చీనావాడి కుటుంబం పాంగ్‌కోర్ దీవి వైపు వెళ్లిపోయిందన్నారు. అది అంత దూరం కాదు. వెతికితే దొరికేది. వెతకలేదు. కనబడితే అక్క మొదట అడిగేది అమ్మ గురించే. రెండోసారి కూడా నోరు మూసుకుని నిలబడాలా?

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. నా చేతిలోనూ లేదు. ఆమె ఇప్పుడు ఉందో లేదో తెలియదు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి ముందు కూడా నేను అనలేని మాట ఒకటుంది, అది ఇక్కడ రాసి ఊపిరి పీల్చుకుంటాను.

ఆమె పేరు పైడితల్లి. నా తోడబుట్టింది.