చివరి నీళ్ళ రుచి

నా చిన్నప్పుడు మా అవ్వ వాళ్ళింట్లో ఒక గది గుమ్మానికి వేపమండలు కట్టారు. కట్టే సమయానికి నేను ఆ గది లోపల ఉన్నాను. ఇక అంతే, మండలు విప్పేదాకా బయట కాలు పెట్టకూడదన్నారు. నేను చేసిన నేరమల్లా కొత్తగా పుట్టిన తమ్ముడి పక్కన కాసేపు కూర్చుందామని వెళ్ళడమే.

అది బనగానపల్లె దగ్గర ఒక పల్లె. అమ్మ కాన్పుకు పుట్టింటికి వస్తూ, వేసవి సెలవులు కదా అని నన్నూ వెంటబెట్టుకొచ్చింది. అమ్మమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం. అదంతా నాపరాతి నేల. ఇంటి వెనకే ఉప్పునీళ్ళ బావి ఉండేది, మంచినీళ్ళకు మాత్రం ఊరి బయటికి పోవాలి. ఆ మంచినీళ్ళు తాగడానికీ, పప్పు ఉడకడానికీ మాత్రమే. స్నానాలకూ బట్టలకూ ఉప్పునీళ్ళే గతి. ఆ నీళ్ళలో సబ్బుబిళ్ళ అరిగిపోయేదాకా రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు మాత్రం కడుతుంది.

పేరు పెట్టేదాకా బిడ్డకు కొత్తబట్ట వేయడం మావాళ్ళలో లేదు. అవ్వ పాత నూలు చీరలూ తాతయ్య పంచెలూ చింపి పొత్తిగుడ్డలు చేశారు. అప్పుడే మా అత్త వచ్చింది. అత్త అంటే మా నాన్న చెల్లెలు, కడపలో కాపురం. పెళ్ళయి చాలా ఏళ్ళయినా ఆమెకు పిల్లలు లేరు. మేనల్లుణ్ణి చూడటానికి ఉత్త చేతులతో ఎట్లా వస్తుంది? అప్పుడప్పుడే అంగళ్ళలోకి వస్తున్న సబ్బుపొడి, పూలవాసన వేసేది, ఒక పెద్ద పొట్లం తెచ్చింది.

తొట్టిలో ఆ పొడి వేసి కలిపితే, మా ఉప్పునీళ్ళే, నురగ అంచు దాటి పొంగింది. పిల్లలందరం ఆ నురగతో గడ్డాలూ మీసాలూ పెట్టుకున్నాం. ఆడవాళ్ళు గుడ్డలు ముక్కు దగ్గర పెట్టుకుని మెచ్చుకున్నారు. అత్త ఎవరినీ చేయి వేయనివ్వలేదు. నా అల్లుడి గుడ్డలు నేనే ఉతుకుతానంది. బావిలోంచి చేదుకోవాల్సిన నీళ్ళు కాబట్టి ఒక్క ముంచు ముంచి, పిండి, దండెం మీద ఆరేసింది. ఆ ఇంట్లో అందరూ ఉతికే పద్ధతే అది.

కొద్ది రోజులకే తమ్ముడి మెడ మడతల్లో, చంకల్లో, తొడల సందుల్లో ఎర్రటి పొక్కులు లేచాయి. పాలు పట్టబోతే విదిలించుకుని ఏడవడం మొదలుపెట్టాడు. పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి, రెండు చేతులూ జోడించి వెనక్కి జరిగింది. అమ్మోరు పోసిందనేసింది. ఆ రోజుల్లో పిల్లల ఒంటిమీద ఏది లేచినా అమ్మోరే. ఇంట్లో తిరగమోత బందు, బట్టలు ఉతకడం బందు, గదిలో ఉన్నవాళ్ళు బయటికి రావడం బందు. అమ్మ, తమ్ముడు, అత్త, నేను లోపల. తలకు నీళ్ళు పోసుకుని లోపలికి వచ్చే హక్కు అవ్వ ఒక్కదానికే.

పక్కింటి పెద్దమ్మ అంతటితో ఊరుకున్నా బాగుండేది. గుమ్మం అవతల నిలబడి, మాకందరికీ వినబడేటట్టు అంది.

"కడుపు పండని చెయ్యి గుడ్డలకు తగలనిస్తిరి గదమ్మా! అమ్మోరు ఊరికే ఉంటాదా?"

ఆ మాట తర్వాత గది ఇంకా చిన్నదైపోయింది. మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి ఒక్కటే మాకు ఆకాశం. దాంట్లోంచి పడే ఎండబిళ్ళ పొద్దున ఒక గోడ మీద, సాయంత్రానికి ఇంకో గోడ మీద. దాని వెంట నేనూ జరిగేదాన్ని. వేపాకు వాడిపోయే వాసన, పాల వాసన, పూల వాసన కలిసి ఆ గదిలోనే ఉండిపోయేవి. బయట పంచలో పిల్లలు మామిడిపండ్లు పిసికి జుర్రుకుంటున్న చప్పుడు వినబడేది. నాకు ఒళ్ళు మండిపోయేది. గోడను కాలితో తన్నాను కూడా.

అత్త మాత్రం గోడను తన్నలేదు. కుండల పక్కన ఒదిగి కూర్చుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. తమ్ముడు ఏడ్చినప్పుడల్లా లేవబోయి మళ్ళీ కూర్చునేది. అమ్మ బిడ్డను అటు తిప్పుకునేది. మా అమ్మ చెడ్డది కాదు, భయపడిపోయింది. భయపడ్డ మనిషి పక్కన ఊపిరి తీసుకోవడం ఎంత కష్టమో ఆ గదిలోనే తెలిసింది నాకు. ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే అత్త నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగింది.

"పిల్లోనికి ఏమన్నా అయితే నేను యాడికి పోవల్ల పాపా?"

కడపకు పోవచ్చు కదా, బస్సుంది కదా అన్నాను. ఆమె అడిగింది అది కాదని తెలిసే వయసు కాదు నాది. బిడ్డకు ఏదైనా జరిగితే పుట్టింట్లోనూ అత్తింట్లోనూ ఆమె మొహం చూసేవాళ్ళుండరు.

గుడ్డ మార్చినప్పుడల్లా తమ్ముడి ఏడుపు ఎక్కువయ్యేది. ఉతకకూడదు కాబట్టి గంపలో ఉన్న ఆ పూలవాసన గుడ్డలే ఒక్కొక్కటీ తీసి వేస్తున్నారు. అవ్వ రెండు మూడుసార్లు అది గమనించింది. ఒక పొద్దున గంపలోంచి ఒక గుడ్డ తీసి, అంచు నాలుక కొసకు తగిలించుకుంది. మొహం చిట్లించింది. తర్వాత, ఉక్కపోతగా ఉందని పైకి అంటూ, నీళ్ళు చిలకరించి ఆ గుడ్డను మెడకు చుట్టుకుని పనిలో పడింది. సాయంత్రం లోపలికి వచ్చి, మావైపు వీపు పెట్టి అది విప్పింది. మెడ చుట్టూ ఎర్రటి పట్టీ! అమ్మ చూడలేదు, అత్త చూడలేదు. నేను చూశాను. నేను చూశానని అవ్వ చూసింది. పెదాల మీద వేలు పెట్టి, కొంగు కప్పుకుని వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. అది అమ్మోరు కాదు, సబ్బుపొడి అని ఒక్క మాట చెబితే తలుపు తెరుచుకుంటుంది. ఎందుకు చెప్పదు? చెబితే అది చేసిందెవరనే మాట కూడా దాని వెంటే వస్తుందని నాకప్పుడు తట్టలేదు.

మర్నాడు తెల్లవారగానే అవ్వ గుమ్మంలో నిలబడి, పక్కింటి దాకా వినబడేటట్టు మొదలుపెట్టింది.

"అమ్మోరు నా కల్లోకి వచ్చినాదమ్మా! ఈ వాసన నాకు పడ్తాలేదు, నా బిడ్డ గుడ్డలన్నీ కుంకుడు నురగతో ఉతికి, మంచినీళ్ళతో మల్లా మల్లా జాడించండి అనె. ఎవురు ఉతకల్ల తల్లీ అని అడిగితి. ఎవురి చెయ్యి ముందు తగిలినాదో ఆ చెయ్యే తగలల్ల, అది శానా చల్లని చెయ్యి అనె."

పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసింది. అమ్మోరి మాటకు ఎదురు చెప్పడం ఆమె వల్ల ఎక్కడవుతుంది? అవ్వ అప్పటికే వెనుదిరిగి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ ఆగింది.

"ఆఁ, కుంకుళ్ళు కొట్టేదానికి ఆ పిల్లను గూడ బయటికి పంపించమనె."

అమ్మోరికి నా సంగతి కూడా తెలుసు! గుమ్మం దాటగానే ఎండకు కళ్ళు మూతలుపడ్డాయి. అంత సంతోషం తర్వాత నా పెళ్ళిలో కూడా కలగలేదు.

తాతయ్య మంచినీళ్ళు బండి మీద తోలించాడు. నేను కుంకుడుకాయలు కొట్టి గింజలు తీశాను, అవ్వ వాటిని వేడినీళ్ళలో పిసికింది, అత్త ఉతికింది. పక్కనే కూర్చున్న అవ్వ, జాడించిన ప్రతిసారీ ఆ నీళ్ళలో వేలు ముంచి అత్త నాలుక మీద పెట్టింది, తర్వాత నా నాలుక మీద. చేదు, ఇంకా చేదు. కుంకుడైనా సబ్బైనా గుడ్డలో మిగిలిపోతే బిడ్డ ఒంటికి పడదని చెప్పింది. చివరికి ఒకసారి నాలుకకు ఉత్త నీళ్ళే తగిలాయి. అప్పుడు ఆరేయమంది.

మెల్లగా పొక్కులు ఎండాయి, తమ్ముడు పాలు తాగి ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. అవ్వ వేపమండలు తీసేసి, పక్కింటి పెద్దమ్మ చూస్తుండగా బిడ్డను తెచ్చి అత్త ఒడిలో పడుకోబెట్టింది. అత్త వంగి వాడి తల వాసన చూస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. అమ్మ పక్కన కూర్చుని ఆమె వీపు నిమిరింది. సగం మిగిలిన సబ్బుపొడి పొట్లం ఏమైందో ఎవరూ అడగలేదు.

అత్తకు నిజం తెలియదనే చాలాకాలం అనుకున్నాను. కానీ ఆ తర్వాత మా వంశంలో ఎవరికి బిడ్డ పుట్టినా కడప నుంచి ఒక సంచి కుంకుడుకాయలు వచ్చేవి. అవ్వ పోయినప్పుడు వచ్చి, అందరూ పూలు పెడుతుంటే అత్త ఆమె కాళ్ళ దగ్గర గుప్పెడు కుంకుడుకాయలు పెట్టి దండం పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది. చేదునీళ్ళు నాలుక మీద పెట్టినరోజే ఆమెకు తెలిసిపోయింది.

మొన్న కర్నూలులో మా కొడుకు ఇంట్లో మనవరాలికి మెడ మీద ఎర్రగా పొక్కింది. డాక్టరమ్మ చూసి, పెద్దగా ఏమీ లేదు, గుడ్డలు ఉతకడానికి వాసన, ఘాటు లేని సబ్బుద్రవం వాడండి, బాగా జాడించండి అంది. దుకాణానికి వెళితే ప్రతి సీసా మీదా నవ్వుతున్న పాపాయే, ప్రతిదాని మీదా ఘాటు లేనిదనే రాతే. వాసన లేనిదొకటి తెచ్చుకుని ఇంటికి వచ్చేసరికి, మా కోడలి చెల్లెలు, బిడ్డకు సాయంగా వచ్చిన కాలేజీ పిల్ల, బాల్కనీలో ఒక మూలకు నిలబడి ఉంది. రెండు చేతులూ చున్నీ కింద దాచుకుంది. మా కొడుకు గట్టిగా అడుగుతున్నాడు, అసలు ఈ గుడ్డలు ఉతికిందెవరని.

నేను దండెం మీంచి ఒక గుడ్డ అంచు లాగి నాలుకకు తగిలించుకున్నాను. ఘాటుగా ఉంది.

"మన బోరునీళ్ళకు ఏది వేసినా ఇంతేలేరా" అన్నాను. "తల్లీ, బకెట్ పట్టుకురా. మనిద్దరం ఇంకోసారి జాడిద్దాం."

ఆ పిల్ల చున్నీ కిందనుంచి చేతులు బయటికి తీసింది.